నూట నలభై ఏడో బొమ్మ

నేను ఒక గుండె స్కానింగ్ యంత్రాన్ని. ఆస్పత్రుల్లో నన్ను ఎకో మిషన్ అంటారు. సూట్‌కేసులా మూసి చేత్తో మోసుకుపోయే రకం. మూత తెరిస్తే పైన తెర, కింద మీటలు, తీగ చివర గుప్పిట్లో ఇమిడే ఒక పిడి. ఆ పిడికి చల్లటి జెల్ రాసి మనిషి రొమ్ము మీద ఆనిస్తే, మనుషుల చెవికి అందని శబ్దం ఒకటి లోపలికి పంపుతాను. అది గుండె గోడలకు తగిలి నా దగ్గరికి తిరిగొస్తుంది. తిరిగొచ్చిన తీరును బట్టి బొమ్మ గీస్తాను. నాకు వచ్చిన విద్య అంతే. గీసిన బొమ్మకు అర్థం చెప్పే పని మనుషులది.

సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో నన్ను తయారుచేశారు. అక్కడ ఒక రబ్బరు దిమ్మ మీద పిడి ఆనించి, గీతలు సరిగ్గా వస్తున్నాయని చూసి, అట్టపెట్టెలో పెట్టి పంపేశారు. ప్రాణమున్న గుండెను మొదటిసారి చూసింది హైదరాబాదులోని ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో. అక్కడ ఏడేళ్ళు పనిచేశాను. మనుషుల గురించి నాకు తెలిసిన మొదటి సంగతి అక్కడే తెలిసింది. బల్లెక్కి పడుకున్నవాళ్ళు ఎవరూ నా తెర చూడరు. చూసినా వాళ్ళకు అర్థంకాదు. స్కానింగ్ తీసే మనిషి ముఖం చూస్తారు. ఆ ముఖంలో కనుబొమ కదిలితే చాలు, తెర మీద గుండె వేగం పెరిగేది. గుండెలో ప్రేమ ఉందని, పగ ఉందని, దేవుడున్నాడని మనుషులు అనుకుంటూ ఉంటారు. ఏడేళ్ళలో కొన్ని వేల గుండెలు చూశాను. నాకు కనిపించినవి నాలుగు గదులు, నాలుగు కవాటాలు, వచ్చీపోయే రక్తం. అయినా వాళ్ళ మాట తప్పని చెప్పే ధైర్యం ఇప్పుడు నాకు లేదు.

కొత్త యంత్రాలు రాగానే నన్ను అమ్మేశారు. కొన్నది ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో గుండె జబ్బుల విభాగం. కొనిపించింది డాక్టర్ వకుళ. ఆమెకు అప్పటికి నలభై ఏళ్ళు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైనట్టు నడిచేది. ఆమె చిన్నతనంలో తల్లి ఒంగోలు వైపు పొగాకు కంపెనీలో ఆకు గ్రేడు చేసేదట. ఆ ఘాటులో రోజంతా కూర్చునే ఆడవాళ్ళ గుండెలూ రక్తనాళాలూ ఏమవుతున్నాయో ఎవరూ చూడలేదని వకుళకు ఎప్పటినుంచో ఉండేది. మూడేళ్ళు తిరిగి ఆ పరిశోధనకు అనుమతి తెచ్చుకుంది. మూడు వందల యాభై మూడు మంది ఆడవాళ్ళ మెడ నాళాలు, గుండె బొమ్మలు తీయాలని లెక్క వేశారు.

స్కానింగ్ తీయడానికి మస్తాన్‌బీ వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, పదేళ్ళుగా అదే పని. నా పిడిని పట్టుకున్న చేతులన్నిట్లోకీ ఆమెది మెత్తని చెయ్యి. చలికాలంలో జెల్ సీసాను కాసేపు తన చేతుల మధ్య రుద్ది వెచ్చబెట్టి గాని ఎవరికీ రాసేది కాదు.

ఒంగోలు వైపు ఒక పొగాకు కంపెనీ గోడౌను పక్క గదిలో మా మకాం. అడ్డంగా గుడ్డ తెర కట్టారు, బల్ల వేశారు. అవతల వందమంది ఆడవాళ్ళు నేలమీద వరసలుగా కూర్చుని ఆకును రంగును బట్టి విడదీసి కట్టలు కట్టేవాళ్ళు. దగ్గులూ తుమ్ములూ నవ్వులూ గోడ దాటి వినిపించేవి. ఒక్కొక్కరే వచ్చి వేలిముద్ర వేసేవాళ్ళు. వేసే ముందు మస్తాన్‌బీ కాగితం చదివి వినిపించేది. "ఇది పరిశోధన కోసం మాత్రమే. వైద్యం కోసం కాదు. రిపోర్టు ఇవ్వబడదు." వాళ్ళు తలూపేవాళ్ళు. పెద్ద కాలేజీ నుంచి పెద్ద డాక్టరమ్మ పంపిన మిషను వైద్యం కోసం కాదంటే నమ్మేదెవరు?

వకుళ పెట్టిన నియమం ఒకటుంది. తీసిన బొమ్మకు పేరు ఉండకూడదు, నంబరే ఉండాలి. బొమ్మలన్నీ పోగయ్యాక, వరసలు కలిపేసి, అప్పుడు ఒక్కసారిగా కొలతలు తీయాలి. ఇది ఫలానా మనిషిది, ఈమె ఇన్నేళ్ళుగా పొగాకులో ఉంది అని తెలిస్తే కొలిచే కన్ను తెలియకుండానే ఒక పక్కకు వంగుతుందట. నియమం మంచిదే. పరిశోధనలు చేసేవాళ్ళందరూ పాటించేదే. గుండె చుట్టూ నీరు చేరినా, కవాటం బాగా మూసుకుపోయినా మాత్రం వెంటనే చెప్పాలని మస్తాన్‌బీకి ఒక చిన్న జాబితా రాసిచ్చింది.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం సువార్తమ్మ వచ్చింది. నలభై ఒక్కేళ్ళు. జిల్లెళ్ళవారిపాలెం నుంచి రోజూ ఆటోలో పనికొచ్చేది. పొగాకు మరకలతో వేళ్ళు పసుపచ్చగా ఉన్నాయి. వస్తూనే బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏందమ్మాయ్, ఇందులో నా మనసులో ఉన్నయ్యన్నీ కనిపిస్తయ్యంటగా? మా ఆయన్ని తిట్టుకునేది కూడా కనిపిస్తదా?"

"కనిపించినా చెప్పనులే అక్కా, పడుకో," అంది మస్తాన్‌బీ.

సువార్తమ్మ ఎడమ పక్కకు తిరిగి పడుకుంది. పిడి ఆనింది. శబ్దం పంపాను. తిరిగొచ్చింది. గీశాను.

గుండె నుంచి ఒళ్ళంతటికీ రక్తాన్ని మోసుకుపోయే పెద్ద నాళం ఉంటుంది. అది బయల్దేరే చోట మూడు రేకుల కవాటం ఉండాలి. సువార్తమ్మకు రెండే రేకులు. పుట్టుకతో వచ్చింది, ఆమెకు తెలియనే తెలియదు. ఆ రెండు రేకుల మధ్య నుంచి నలభై ఏళ్ళుగా రక్తం వంకరగా వెళ్ళి ఒకేచోట కొట్టీ కొట్టీ, నాళం గోడ సాగిపోయింది. మూడు సెంటీమీటర్లకు కాస్త అటూఇటూగా ఉండాల్సింది దాదాపు ఆరుంది. గోడ పలచనైపోయింది. గుండె కొట్టుకునే ఒక్కో దెబ్బకీ అది ఉబ్బి అణగడం నేను ఉన్నదున్నట్టు గీశాను.

మస్తాన్‌బీ చెయ్యి ఆగింది. పిడిని కొద్దిగా పక్కకు జరిపి మళ్ళీ చూసింది. నాళాన్ని కొలవడం ఆమె పని కాదు. కానీ పదేళ్ళ అలవాటున్న కన్ను.

"ఏమ్మా, ఆపావేంది? బాగలేదా?"

"ఏం లేదక్కా. ఊపిరి బిగబట్టు... ఇంక వదులు."

సువార్తమ్మను బయట కూర్చోమని, మస్తాన్‌బీ వకుళకు ఫోన్ చేసింది. స్పీకరులో పెట్టింది, చేతులకు జెల్ ఉంది కాబట్టి. అందుకే ఆ మాటలన్నీ నేను విన్నాను.

"మేడమ్, నూట నలభై ఏడు ఒకసారి చూస్తారా? పెద్ద నాళం లావుగా అనిపిస్తోంది."

"నీరేమన్నా ఉందా?"

"లేదు మేడమ్."

"కవాటం మూసుకుపోయిందా?"

"లేదు. బాగానే తెరుచుకుంటోంది. కానీ నాళం..."

"మస్తాన్‌బీ, అనిపించడం వేరు, కొలవడం వేరు. పిడి కాస్త ఏటవాలుగా పడితే సన్నది కూడా లావుగా కనిపిస్తుంది. నేనిప్పుడు ఒకటి తెరిచి చూస్తే రేపు పది చూడాలి. ఇంక పేర్లు దాచి లాభం ఏముంది? అన్నిటితో పాటే చూద్దాం."

"సరే మేడమ్."

వకుళ చెడ్డది కాదు. ఆ రోజు ఆమెకు వార్డులో ముగ్గురు ఊపిరందక ఉన్నారు. ఈ మాట తర్వాత ఎప్పుడూ ఆమె తన కోసం చెప్పుకోలేదు. నేను చెబుతున్నాను.

మస్తాన్‌బీ గుడ్డ తెర పక్కకు తీసింది. సువార్తమ్మ లేచి నిలబడి ఆమె ముఖంలోకి చూసింది. అందరూ చూసినట్టే.

"ఎట్టా ఉందమ్మాయ్?"

రిపోర్టు చెప్పకూడదు. చెప్పడానికి తన దగ్గర ఒక అనుమానం తప్ప ఏమీ లేదు. భయపెట్టి పంపడం ఇష్టం లేదు. మస్తాన్‌బీ నవ్వింది.

"బాగానే ఉంటుందిలే అక్కా."

"బాగుందా? హమ్మయ్య," అని సువార్తమ్మ కొంగు దోపుకుని ఆకు దగ్గరికి వెళ్ళిపోయింది.

జూలైలో పొగాకు సీజను ముగిసింది. మమ్మల్ని కాలేజీకి తెచ్చారు. వకుళ నన్ను తన గదిలో బల్ల మీద పెట్టుకుని బొమ్మలు కొలవడం మొదలుపెట్టింది. వరస కలిపేశారు కాబట్టి నూట నలభై ఏడు రెండో వారంలో వచ్చింది. ఒక బుధవారం పొద్దున, పదకొండు గంటలప్పుడు. ఆమె కొలత గీత లాగింది. చెరిపేసి మళ్ళీ లాగింది. మూడోసారి కూడా లాగింది. తర్వాత మీటల మీద నుంచి చెయ్యి తీసేసింది.

"మస్తాన్‌బీ! నూట నలభై ఏడు ఎవరిది?"

పక్క గదిలోంచి వచ్చిన మస్తాన్‌బీ తెర వైపు చూడను కూడా లేదు. రిజిస్టరు తెరవలేదు.

"సువార్తమ్మది మేడమ్. జిల్లెళ్ళవారిపాలెం. మార్చిలో ఫోన్ చేశానే."

వకుళ లేచి నా మూత మూసింది, ఆమె చెయ్యి తగిలి జెల్ సీసా కిందపడింది. అరగంటలో ముగ్గురం జీపులో ఉన్నాం. దారిలోనే హైదరాబాదులో ఆపరేషన్ చేసే డాక్టరుకు ఫోన్ చేసి మంచం ఖాళీ పెట్టమంది. ఊరు చేరగానే మళ్ళీ ఒకసారి స్కానింగ్ తీసి, ఆ రాత్రికే అంబులెన్సులో పంపాలని ఆమె ఆలోచన. జీపులో ఆ సంగతే మాట్లాడుతూ కూర్చుంది. మస్తాన్‌బీ నన్ను ఒళ్ళో పెట్టుకుని పెదవులు కదుపుతూ ఉంది. దేవుడికి దువా చేస్తోందని నాకు తర్వాత అర్థమైంది.

జిల్లెళ్ళవారిపాలెంలో చర్చి వెనక వీధి. రేకుల ఇల్లు. వాకిట్లో మంచం మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. సువార్తమ్మ భర్త ఏసోబు. పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ గదుల దగ్గర పొయ్యిలో కట్టెలు ఎగదోసే పని అతనిది. ముంజేతుల మీద వెంట్రుకలు కాలిపోయి ఉన్నాయి. గడ్డం పెరిగి ఉంది.

"సువార్తమ్మ ఉందా?" అంది వకుళ, జీపు దిగుతూనే.

అతను లేచి నిలబడ్డాడు. "మీరెవరమ్మా?"

"గుండె స్కానింగ్ తీసిన ఆస్పత్రి నుంచి. ఆమెతో మాట్లాడాలి. తొందరగా."

"పోయింది గదమ్మా. పదకొండు రోజులైంది."

ఎవరూ కూర్చోమనకుండానే వకుళ మంచం మీద కూర్చుంది. నన్ను ఆమె పక్కనే పెట్టి మస్తాన్‌బీ గోడకు ఆనుకుని నిలబడింది.

ఎవరూ అడక్కుండానే ఏసోబు చెప్పాడు. పరామర్శకు వచ్చిన వాళ్ళందరికీ చెప్పి చెప్పి ఆ మాటలు ఒక వరసలో పడిపోయినట్టున్నాయి.

"ఆదివారం. గుడికి పోదామని చీర కట్టుకుంటా ఉంది. 'ఏమయ్యో, నా వీపులో ఏదో చినిగినట్టయింది' అన్నది. అట్టాగే కూర్చుంది. ఆటో ఎక్కించినా. ఊరు దాటలా. నా చెయ్యి పట్టుకునే ఉంది, పట్టు వదిలేసింది. అంతే." ముంజేత్తో ముఖం తుడుచుకున్నాడు. "అంతకు ముందు రెండు నెలల నుంచీ రెక్కల మధ్య లాగుతా ఉందనేది. మా ఊళ్ళో సూదులేసే డాక్టరు ఒంగోలు పోయి ఫొటో తీయించుకోమన్నాడు. నేనూ చెప్పినా. 'నాకు పెద్ద మిషన్లో తీశారయ్యా, బాగుందన్నారు, మళ్ళీ ఎందుకు' అన్నది. అందరికీ గొప్పగా చెప్పుకునేది, నా గుండె మంచిదంట అని."

గోడ దగ్గర మస్తాన్‌బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మరి మీరెందుకొచ్చారమ్మా?"

వకుళ అబద్ధం చెప్పవచ్చు. సర్వే కోసం వచ్చామని లేచిపోవచ్చు. డ్రైవరు జీపు తిప్పి పెట్టుకుని ఉన్నాడు. ఆమె లేవలేదు.

"ఆమె గుండె బాగాలేదయ్యా. నాళం ఒకటి ఉబ్బి ఉంది. మార్చిలోనే ఉంది. ఈ అమ్మాయి అనుమానపడి ఆ రోజే నాకు చెప్పింది. నేను తర్వాత చూద్దామన్నాను. ఈ పొద్దున చూశాను. అప్పుడే చూసుంటే ఆపరేషన్ చేయించేవాళ్ళం. బతికే అవకాశం చాలా ఉంది... ఉండేది."

ఏసోబు ఆమె వైపు ఒక అడుగు వేశాడు.

"ఇయ్యాల తెలిసిందా?"

"ఈ రోజే. తెలియగానే వచ్చాను."

"తెలుసుకోడానికే నాలుగు నెలలు పట్టిందామ్మా?"

ఆమె నియమం గురించి చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు.

అతను నా వైపు తిరిగాడు. "అందులో ఉందా? దాని బొమ్మ?"

"ఉంది."

"చూపీయమ్మా."

వకుళ నా మూత తెరిచింది. నూట నలభై ఏడు వచ్చింది. నలుపూ తెలుపూ గీతల్లో సువార్తమ్మ గుండె కొట్టుకోసాగింది. ఏసోబు మోకాళ్ళ మీద కూర్చుని తెరకు దగ్గరగా వంగాడు. నా తెరను అంత దగ్గరగా చూసిన మనిషి అంతకు ముందు లేడు.

"కొట్టుకుంటా ఉందే," అన్నాడు.

"అప్పుడు తీసింది. మూడు దెబ్బలే ఉన్నాయి. అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి."

"ఉండనీ. ఆపమాక."

మూడు దెబ్బలు. మళ్ళీ ఆ మూడే. నా బ్యాటరీ నలభై నిమిషాలది, వకుళ నన్ను ఆపకుండానే మూత మూసింది కాబట్టి దారిలోనే సగం అయిపోయింది. ఇంట్లో కరెంటు లేదు, ఆ పూట కోత. ఎర్రదీపం వెలిగింది. వకుళ మీట మీద వేలు పెడితే అతను ఆమె చేతిని పక్కకు నెట్టాడు, మెల్లగానే. నాకు చేతనైనంత సేపు గీశాను. చివరి దెబ్బ సగంలో ఉండగా తెర నల్లబడిపోయింది.

అతను అలాగే ఆ నలుపు కేసి చూస్తూ అడిగాడు. "ఇట్టా చూడకుండా ఇంకా ఎంతమందివి ఉన్నయ్?"

"రెండు వందల ఆరు."

"అందరూ మా కంపెనీ ఆడోళ్ళేనా?"

"అవును."

ఏసోబు లేచాడు. మొదటిసారి గొంతు పెరిగింది. "మరి ఇక్కడ కూర్చున్నావేందమ్మా? పో! పోయి చూడు!"

వకుళ వెళ్ళి చూసింది. ఆరు రోజులు ఆ గది వదల్లేదు. పేర్లు దాచడం లేదు, వరస కలపడం లేదు. మస్తాన్‌బీ పక్కన కూర్చుని పేరు చదివేది, వకుళ కొలిచేది. రెండు వందల ఆరింటిలో ఒకటి బయటపడింది. వెంగమ్మ అని, యాభై దాటిన మనిషి, అదే జబ్బు. ఆమెను హైదరాబాదు పంపారు. బతికింది. మరుసటి ఏడాది మళ్ళీ పనికి పోయిందని తెలిసింది.

పేర్లు బయటపెట్టడంతో పరిశోధన చెడిపోయింది. మూడేళ్ళ పని ఏ పత్రికలోనూ అచ్చుకు పనికిరాదన్నారు. వకుళ దానికి బాధపడినట్టు కనిపించలేదు. జరిగింది జరిగినట్టు, తప్పు తనదేనని, పరిశోధనలకు అనుమతిచ్చే నైతిక సంఘానికి తనే ఉత్తరం రాసింది. రెండు నెలలకు జవాబొచ్చింది. గదిలో పైకే చదివింది: "విచారించగా నిబంధనల ఉల్లంఘన ఏదీ జరగలేదని తేలింది." ఆ కాగితాన్ని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. ఎవరైనా శిక్ష వేస్తారని ఆమె ఎదురుచూసినట్టుంది. వేయలేదు. ఉత్తరం సొరుగులో పడేసి వార్డుకు వెళ్ళిపోయింది. ఆ తర్వాత తన విభాగంలో ఏ బొమ్మ తీసినా పొద్దుగూకేలోపు చూడాల్సిందేనని గోడకు అంటించింది. సంతకం పెట్టలేదు, ఆర్డరు నంబరు వేయలేదు. నేను ఆ విభాగంలో ఉన్నన్నాళ్ళూ అది జరిగింది.

మస్తాన్‌బీ మారిపోయింది. బల్ల మీద పడుకున్న ప్రతి మనిషికీ నా తెర తిప్పి చూపించేది. "ఇదిగో, ఇది నీ గుండె. ఈ నాళం ఇంత ఉండాలి, ఇంతే ఉంది. చూశావా?" వాళ్ళకు అర్థమయ్యేదాకా చెప్పేది. టెక్నీషియన్లు రిపోర్టు చెప్పకూడదని ఆమెకు మెమో ఇచ్చారు. చదివి బ్యాగులో పెట్టుకుంది. చెప్పడం మానలేదు. కానీ ఒక సంగతి నాకే తెలుసు.  ప్రతి నాళాన్నీ నాలుగుసార్లు, అయిదుసార్లు కొలిచేది. ఎవరైనా "బాగుందా అమ్మా?" అంటే బయటికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చేది. "బాగుంది" అనే మాట ఆమె నోట మళ్ళీ నేను వినలేదు. "కొలత సరిగ్గా ఉంది" అనేది. అంతవరకే.

రెండేళ్ళకు నా తెర మసకబారింది. మరమ్మతుకు సామాను దొరకదన్నారు. నా మీద పనికిరాదని చీటీ అంటించి, విరిగిన మంచాలూ తుప్పు పట్టిన స్టాండ్లూ ఉన్న సామాన్ల గదిలో పెట్టారు. నెలాఖరుకు పాత యంత్రాలు ఎత్తుకుపోయే లారీ వస్తుంది.

నిన్న మధ్యాహ్నం మస్తాన్‌బీ తాళం తీసుకుని వచ్చింది. ఉద్యోగం మానేసింది. పుట్టింటి ఊళ్ళో అన్న పెట్టిన బట్టల దుకాణంలో కూర్చుంటుందట. ఆ సంగతి బయట అటెండరుతో అంటుంటే విన్నాను. తలుపు దగ్గరికి వేసింది. నా మీద దుమ్ము తుడిచి, కరెంటు తీగను గోడ ప్లగ్గులో పెట్టింది. విరిగిన మంచం మీద కూర్చుని పిడి చేతిలోకి తీసుకుంది. సీసా అడుగున కాస్త జెల్ మిగిలి ఉంది. సీసాను చేతుల మధ్య చాలాసేపు రుద్దింది. తర్వాత ఆ జెల్ పిడికి రాసి తన రొమ్ము మీదే ఆనించుకుంది.

పన్నెండేళ్ళుగా ఎందరి గుండెలనో చూసింది. తనది ఎప్పుడూ చూసుకోలేదు. మసక తెర మీద గీశాను. మూడు రేకులు, సన్నటి నాళం, గట్టి గోడ. జబ్బు ఏమీ లేదు. ఆమె కొలవలేదు. చూస్తూ కూర్చుంది. కళ్ళ నీళ్ళు గడ్డం మీదుగా కారి జెల్‌లో కలిశాయి.

"నేను చూశాను," అంది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. "ఆ రోజే చూశాను కదా. రెండోసారి ఫోన్ చెయ్యొచ్చు కదా. అక్కా, ఒంగోలు పో అని చెవిలో చెప్పొచ్చు కదా. ఎవరు చంపేస్తారు నన్ను? నవ్వాను. నవ్వి పంపించాను."

నేనూ చూశాను మస్తాన్‌బీ. నీకంటే ముందు చూశాను. ఎంత ఉబ్బిందో, ఎంత పలచబడిందో మిల్లీమీటరుతో సహా నాకు తెలుసు. నీకు చెప్పడానికి ఒక్క మనిషైనా ఉంది, ఆమె వినలేదు. నాకు నోరే పెట్టలేదు.

ఈ మాట ఆమెకు వినిపించే దారి లేదు. ఆమె కొంగుతో రొమ్ము తుడుచుకుంది, పిడిని శుభ్రంగా తుడిచి దాని గూట్లో పెట్టింది, గోడ నుంచి తీగ పీకేసింది.